కంప్యూటర్ రిపేరుకు స్క్రూడ్రైవర్: చూడవలసింది బిట్ల సంఖ్య కాదు, కొన కుదరడం

హార్డ్‌వేర్ దుకాణంలో ‘స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి ఇవ్వండి’ అని అడిగితే చాలాసార్లు నాలుగు రెక్కల కొన ఉన్న ఫిలిప్స్ చేతికి వస్తుంది. అదే మాట మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే కొట్టులో అంటే ఆరు కోణాల టార్క్స్ తీసి ఇవ్వవచ్చు. ఐఫోన్లు విప్పే వారి దగ్గర ఐదు రేకుల పెంటలోబ్ వచ్చినా ఆశ్చర్యం లేదు. ఒకే పేరు మూడు పనిముట్లకు చెల్లిపోవడం మాటల వరకే ఆగితే పెద్ద నష్టం ఉండేది కాదు. కానీ పేరులో ఉన్న అస్పష్టత పనిలోకి కూడా దిగి, ఏ తలలోనైనా దాదాపుగా పట్టే కొననొకదాన్ని ఇరికించి తిప్పడం అలవాటుగా మారింది. స్క్రూ తల గుండ్రంగా అరిగిపోయాక గాని పొరపాటు తెలియదు. అప్పటికి రూపాయో రెండు రూపాయలో చేసే ఒక్క స్క్రూ దగ్గర వేల రూపాయల ల్యాప్‌టాప్ అడుగు మూత ఊడకుండా భీష్మించుకుని కూర్చుంటుంది.

కంప్యూటర్ పనికి స్క్రూడ్రైవర్ ఎంచుకునేటప్పుడు పెట్టె మీద రాసిన 32, 64, 115 వంటి బిట్ల (పిడికి తగిలించి మార్చుకునే కొనల) సంఖ్యలు చెప్పేది చాలా తక్కువ. ఎదురుగా ఉన్న స్క్రూ గుంటలో కొన ఎంత లోతుకు దిగుతుంది, దిగాక ఎంత బిగువుగా కూర్చుంటుంది అన్నదే మొదటి ప్రశ్న. ఉక్కు రకం, పిడి లావు, కడ్డీ పొడవు, అయస్కాంతం వంటివన్నీ దాని తరవాత వచ్చే విషయాలు.

ఫిలిప్స్ కొన, దాని జారుడు

కంప్యూటర్లలో కనిపించే స్క్రూలలో అత్యధికం ఫిలిప్స్ తరహావే. అమెరికాలో ఒరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్, జాన్ థామ్సన్ రూపొందించిన నమూనా హక్కులు తీసుకుని, దాన్ని తయారీకి అనువుగా మార్చి 1936లో పేటెంట్లు పొందాడు. కార్ల తయారీలో ఇది త్వరగా స్థిరపడడానికి కారణం, యంత్రంతో బిగించేటప్పుడు కొన దానంతట అదే గుంట మధ్యకు చేరుకోవడం. చదును గాడిలో కొన పక్కకు జరిగిపోతుంది. శంకువులా సన్నబడే నాలుగు రెక్కల గుంటలో ఆ బాధ లేదు. అయితే ఆ సౌకర్యాన్ని ఇచ్చిన వాలు గోడలే ఇబ్బందిని కూడా తెచ్చాయి. గోడ వాలుగా ఉన్నప్పుడు తిప్పే బలంలో కొంత భాగం కొనను పైకి నెట్టే బలంగా మారుతుంది. పైనుంచి తగినంత గట్టిగా నొక్కకపోతే కొన గుంటలోంచి లేచి జారుతుంది, జారిన ప్రతిసారీ గోడలను కొద్దికొద్దిగా గీరుతుంది. అతిగా బిగించకుండా కాపాడడానికే ఈ జారుడును ఉద్దేశపూర్వకంగా పెట్టారనే మాట ప్రచారంలో ఉంది. అది ఎంతవరకు నిజమైనా, ల్యాప్‌టాప్ స్క్రూకు ఆ రక్షణ అక్కరకు రాదు. అక్కడ ముందుగా అరిగిపోయేది స్క్రూ తలే.

ఫిలిప్స్ పరిమాణాలను పీహెచ్ అన్న అక్షరాల పక్కన అంకెలతో గుర్తిస్తారు. డెస్క్‌టాప్ కేబినెట్ స్క్రూలకు, ఎస్‌ఎంపీఎస్‌ను (కరెంటు సరఫరా చేసే డబ్బాను) పట్టి ఉంచే నాలుగు స్క్రూలకు, ప్రాసెసర్‌ను చల్లబరిచే చాలా సీపీయూ కూలర్లకు పీహెచ్‌2 సరిపోతుంది. మదర్‌బోర్డు మీది కొన్ని చిన్న స్క్రూలకు, కొన్ని ల్యాప్‌టాప్ అడుగు మూతలకు పీహెచ్‌1 కావాలి. ల్యాప్‌టాప్ లోపలి పనిలో ఎక్కువ భాగం పీహెచ్‌0 మీద నడుస్తుంది. కీబోర్డు, స్పీకర్లు, చిన్న బ్రాకెట్ల దగ్గర పీహెచ్‌00 అవసరమవుతుంది. పీహెచ్‌000 దాదాపుగా ఫోన్ల సరుకు. సున్నాలు పెరిగేకొద్దీ కొన చిన్నదవుతుందన్నమాట.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటి ఉంది. ల్యాప్‌టాప్ స్క్రూలు చిన్నవి కాబట్టి చిన్న కొన క్షేమమనుకుని పీహెచ్‌0 గుంటలో పీహెచ్‌00 పెడతారు. చిన్న కొన ముందుగా గుంట అడుగును తాకుతుంది, రెక్కలు గోడలకు ఆనవు. తిప్పితే రెక్కల అంచులు గోడను ఒక సన్నటి గీత మీద మాత్రమే ఒత్తుతాయి, ఆ గీత దగ్గర లోహం చిట్లుతుంది. దీనికి ఎదురు తప్పు, పీహెచ్‌0 గుంటలో పీహెచ్‌1 పెట్టడం: అప్పుడు కొన అడుగుకు చేరకుండా గుంట నోటి దగ్గరే ఆగి, పై అంచును మాత్రమే కొరుకుతుంది. రెండింటినీ కనిపెట్టే పరీక్ష తేలికైనది. కొనను గుంటలో నిలబెట్టి పిడిని వేలితో రెండు పక్కలకూ మెల్లగా ఊపాలి. సరైన కొన స్క్రూతో కలిసి ఒకే ముక్కలా ఉంటుంది. చిన్న కొన గిలకలా ఊగుతుంది. పెద్ద కొన తేలుతున్నట్టు అనిపిస్తుంది. సందేహం వస్తే, గుంట అడుగుకు చేరే కొనల్లో అన్నిటికంటే పెద్దదాన్ని ఎంచుకోవడం మంచి పద్ధతి.

ఫిలిప్స్‌లా కనిపించి ఫిలిప్స్ కానివి మరో రెండు ఉన్నాయి. జపాన్ పారిశ్రామిక ప్రమాణం (జేఐఎస్) ప్రకారం చేసిన నాలుగు రెక్కల గుంటలో మూలలు మరింత పదునుగా ఉంటాయి. ఫిలిప్స్ కొనలో ఆ మూలలు కొంచెం గుండ్రంగా ఉండడం వల్ల జేఐఎస్ గుంటలో అది పూర్తిగా దిగదు. కొన్ని జేఐఎస్ స్క్రూల తల మీద ఒక చిన్న చుక్క గుర్తుగా ఉంటుంది గాని, చిన్న స్క్రూల మీద ఆ చుక్క కోసం వెతకడం వృథా. జపాన్ కంపెనీల ప్రింటర్లు, కెమెరాలు, పాత ల్యాప్‌టాప్‌లు విప్పేవారికి జేఐఎస్ కొన వల్ల లాభం ఎక్కువ. అదే కొన మామూలు ఫిలిప్స్ స్క్రూలో కూడా చక్కగా కూర్చుంటుంది కాబట్టి, ఒకటే కొనదలిస్తే జేఐఎస్ తరహాది కొనడం తెలివైన పని. రెండోది పోజీడ్రైవ్: నాలుగు రెక్కల మధ్య 45 డిగ్రీల కోణంలో సన్నటి గీతలు కనిపిస్తే అది పోజీడ్రైవ్ తల. ఇది చెక్కపనిలోనూ ఫర్నిచర్‌లోనూ విరివిగా ఉంటుంది, కంప్యూటర్లలో అరుదు. అయినా ఇంటిసామాను పెట్టెలోంచి పొరపాటున పీజెడ్ (పోజీడ్రైవ్) కొనను తీసి ఫిలిప్స్ స్క్రూ మీద వాడడం మామూలే కాబట్టి కొన మీద చెక్కిన అక్షరాలు ఒకసారి చదువుకోవడం మంచిది.

కేబినెట్‌లో రెండు కొలతల మరలు

డెస్క్‌టాప్ పనికి ఒక్క మంచి పీహెచ్‌2 చాలంటే చాలావరకు నిజమే. కానీ ఆ ఒక్క కొనతో తిరిగే స్క్రూలన్నీ ఒక్కటి కావు. కేబినెట్ పక్క మూతలు, ఎస్‌ఎంపీఎస్, 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ వంటివి 6-32 అనే అంగుళాల కొలత మరలతో ఉంటాయి: వ్యాసం సుమారు 3.5 మి.మీ., అంగుళానికి 32 చుట్లు, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య దాదాపు 0.8 మి.మీ. ఎడం. 2.5 అంగుళాల డిస్కులు, డీవీడీ డ్రైవులు మాత్రం ఎం3 మెట్రిక్ కొలతవి: వ్యాసం 3 మి.మీ., ఎడం 0.5 మి.మీ. మదర్‌బోర్డు కింద దాన్ని ఎత్తి నిలిపే పొట్టి ఇత్తడి స్తంభాలు, అంటే స్టాండాఫ్‌లు, కేబినెట్‌ను బట్టి రెండు రకాలుగానూ వస్తాయి. ఎం3 రంధ్రంలో 6-32 స్క్రూను బలవంతంగా దింపితే లోపలి మరలు తెగిపోతాయి. 6-32 రంధ్రంలో ఎం3 పడితే అది పట్టు లేకుండా ఊరికే తిరుగుతుంది.

ఇది స్క్రూల సంగతి కదా, స్క్రూడ్రైవర్‌కు ఏమి సంబంధం అనిపించవచ్చు. సంబంధం పిడిలో ఉంది. లావు పిడి, పొడవు కడ్డీ ఉన్న పీహెచ్‌2తో మరలు కలవని స్క్రూను కూడా చెయ్యి పెద్దగా అభ్యంతరం చెప్పకుండా దింపేస్తుంది. మొదటి రెండు చుట్లు వేళ్లతోనో, కడ్డీని రెండు వేళ్ల మధ్య పట్టుకునో తిప్పితే ఆ ఎదురు వెంటనే తెలుస్తుంది. ముందుగా స్క్రూను ఎడమవైపు మెల్లగా తిప్పి, మర అంచు మర అంచును దాటి ‘టిక్’ మని కిందికి జారిన చోట ఆపి, అక్కడి నుంచి కుడివైపు తిప్పితే మరలు దారి తప్పవు. కంటికి కనపడని చోట స్క్రూ బిగించాల్సి వచ్చినప్పుడు ఈ చిన్న శబ్దమే ఆధారం.

కడ్డీ పొడవు విషయంలో డెస్క్‌టాప్ కొంత డిమాండ్ చేస్తుంది. 100 నుంచి 150 మి.మీ. కడ్డీ ఉంటే పెద్ద కేబినెట్ మూలల్లోని మదర్‌బోర్డు స్క్రూలు అందుతాయి; రేకుల మధ్య సందులోంచి స్క్రూ బిగించవలసిన టవర్ కూలర్లకు అంతకంటే పొడవు కావలసి రావచ్చు, అందుకే కొన్ని కూలర్ల పెట్టెల్లో పొడవాటి స్క్రూడ్రైవర్‌ను కూడా ఇస్తారు. స్టాండాఫ్‌లకు, పాత వీజీఏ పోర్టుకు రెండు పక్కలా ఉండే ఆరు పలకల స్తంభాలకు 5 మి.మీ. నట్ డ్రైవర్ (ఆరు పలకల తలను బయటి నుంచి పట్టి తిప్పే పనిముట్టు) వేరుగా ఉండాలి. ప్లయర్స్‌తో ఆ పని చేయబోతే పట్టు జారి బోర్డు మీద గీత పడుతుంది.

ఇక చదును కొన, అంటే మైనస్ స్క్రూడ్రైవర్. కంప్యూటర్లలో చదును గాడి ఉన్న స్క్రూలు దాదాపు లేవు. ఇంటెల్ ఎల్‌జీఏ 775 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) కాలం నుంచి వస్తున్న, నొక్కి బిగించే పుష్ పిన్ కూలర్ల ప్లాస్టిక్ కాళ్లను తిప్పడానికి, కనెక్టర్ల గొళ్లెం ఎత్తడానికి సన్నటి చదును కొన పనికొస్తుంది. 2000 సంవత్సరం ప్రాంతంలో ఏఎండీ సాకెట్ ఏ బోర్డుల మీద కూలర్ క్లిప్పును చదును స్క్రూడ్రైవర్‌తో కిందికి నొక్కి కొక్కేనికి తగిలించాల్సి వచ్చేది. కొన జారితే పక్కనే ఉన్న రాగి గీతలు తెగి మదర్‌బోర్డు పనికిరాకుండా పోయేది. ఆ తరం మెకానిక్‌లు మైనస్ కొనను ఇప్పటికీ అనుమానంగానే చూస్తారు, అందులో న్యాయం ఉంది. ల్యాప్‌టాప్ మూత సందులో మైనస్ కొన దూర్చి లేపడం నేటికీ సాగుతున్న తప్పు: ప్లాస్టిక్ అంచు మీద పడిన ఆ గాటు ఎప్పటికీ పోదు. ఆ పనికి ప్లాస్టిక్ ఓపెనరో, పాత ఏటీఎం కార్డో వాడాలి.

ల్యాప్‌టాప్ అడుగు మూత దగ్గర

ల్యాప్‌టాప్‌ను తలకిందులు చేసి చూస్తే అడుగున సాధారణంగా పది పన్నెండు స్క్రూలు కనిపిస్తాయి, కొన్నిటిలో రబ్బరు కాళ్ల కింద ఒకటో రెండో దాగి ఉంటాయి. ఇవి ఎం2, ఎం2.5 కొలతల సన్నటి స్క్రూలు. తల పల్చగా ఉంటుంది కాబట్టి గుంట లోతు తక్కువ. చాలా స్క్రూల మర మీద నీలం రంగు నైలాన్ పూత పట్టీలా కనిపిస్తుంది. ప్రయాణాల కుదుపులకు స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచడం దాని పని. మొదటి పావు చుట్టు కదిలించడానికి మిగతా చుట్లన్నిటికంటే ఎక్కువ బలం కావాల్సిరావడం అందువల్లనే, తలలు పాడయ్యేది కూడా ఎక్కువగా ఆ పావు చుట్టులోనే. అప్పుడు అరచేతి మధ్య పిడి చివరను ఆనించి నిటారుగా నొక్కుతూ, తిప్పే బలాన్ని నొక్కే బలం కంటే తక్కువగా ఉంచి, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. పూత పట్టు విడిచినప్పుడు చిన్న ‘టక్’ శబ్దం వినిపిస్తుంది. ఆ తరవాత వేళ్ల కొసలతో తిప్పినా చాలు.

ఈ రెండు దశలకూ ఒకే పిడి సరిపడదు. తిప్పే బలం పిడి అర్ధవ్యాసాన్ని బట్టి పెరుగుతుంది: వేళ్ల ఒత్తిడి అంతే ఉన్నా 12 మి.మీ. లావున్న పెన్ను తరహా పిడి కంటే 30 మి.మీ. లావు పిడి రెండున్నర రెట్లు ఎక్కువ బలంతో తిప్పుతుంది. విప్పేటప్పుడు అది వరం. బిగించేటప్పుడు అదే శాపం, ఎందుకంటే ల్యాప్‌టాప్ స్క్రూ దిగేది ప్లాస్టిక్‌లో వేడితో నాటిన చిన్న ఇత్తడి గొట్టంలోకి. లావు పిడితో ఒక చుట్టు ఎక్కువ బిగిస్తే స్క్రూ తెగదు, ఇత్తడి గొట్టమే ప్లాస్టిక్‌లోంచి పట్టు విడిచి స్క్రూతో పాటు తిరగడం మొదలవుతుంది. అందుకే పైన గుండ్రంగా తిరిగే టోపీ ఉన్న సన్న పిడి స్క్రూడ్రైవర్లను వాచీ మెకానిక్‌ల నుంచి ఈ పనిలోకి తెచ్చుకున్నారు: చూపుడు వేలు టోపీ మీద నొక్కుతుంది, బొటనవేలు, మధ్యవేలు పిడిని తిప్పుతాయి. ఆ వేళ్లు ఎంత తిప్పగలవో అంతవరకే బిగింపు. బలం కావలసిన మొదటి పావు చుట్టుకు కొంచెం లావైన పిడి ఉన్న పీహెచ్‌0 ఒకటి వేరుగా ఉంచుకుంటే విప్పడం, బిగించడం రెండూ సాఫీగా సాగుతాయి.

బిట్ సెట్లకు ల్యాప్‌టాప్‌లోనే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. చిన్న సెట్లలోని బిట్లు 4 మి.మీ. ఆరు పలకలవి, పొడవు సుమారు 28 మి.మీ. బిట్‌ను పట్టుకునే హోల్డరు నోరు బిట్ కంటే లావుగా ఉంటుంది కాబట్టి, లోతైన సన్నటి గొట్టంలాంటి రంధ్రంలో స్క్రూ ఉన్నప్పుడు హోల్డరు రంధ్రం అంచుకు తగిలి ఆగిపోతుంది, కొన స్క్రూను అందుకోదు. అందినట్టే అనిపించి సగమే అందే సందర్భాలు మరీ ప్రమాదం. అదీ కాక, బిట్‌కూ హోల్డరుకూ మధ్య ఉండే కొద్దిపాటి వదులు వల్ల కొన నిటారుగా నిలవదు. రోజూ వాడే రెండు మూడు కొలతలను ఒకే కడ్డీగా వచ్చే స్క్రూడ్రైవర్లుగా కొని, ఎప్పుడో ఒకసారి అవసరపడే వింత తలలకు మాత్రం బిట్ సెట్ ఉంచుకోవడం సరైన విభజన. ప్రింటర్ల పని చేసేవారికైతే పీహెచ్‌2 కూడా పొడవాటి కడ్డీదే కావాలి.

విప్పిన స్క్రూల పొడవుల విషయం కూడా దాటవేయదగ్గది కాదు. మడత బందుల దగ్గరివి పొడవుగా, ముందు అంచువి పొట్టిగా ఉండడం పరిపాటి. పొట్టి స్క్రూ చోట పొడవుది పడితే అరచేయి ఆనించే పైభాగం మీద బొబ్బలా ఉబ్బు వస్తుంది. ఐఫోన్ల రిపేరులో పొడవు స్క్రూ తప్పు రంధ్రంలో దిగి లాజిక్ బోర్డు (ప్రధాన సర్క్యూట్ బోర్డు) లోపలి రాగి గీతలను కోసేయడం బాగా తెలిసిన నష్టం. అక్కడ పొడవుల మధ్య తేడా మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. సరిగ్గా కుదిరిన కొన, సన్నటి పిడి ఉంటే తప్పు స్క్రూ తాకిన అడుగు ముందే చేతికి తెలుస్తుంది.

వింత తలలు

టార్క్స్‌ను 1967లో అమెరికాలోని క్యామ్‌కార్ టెక్స్‌ట్రాన్ రూపొందించింది. దాని గుంట గోడలు దాదాపు నిటారుగా ఉండడం వల్ల కొనను పైకి నెట్టే బలం పుట్టదు, గట్టిగా నొక్కవలసిన పనీ ఉండదు. దీని కొలతలను టీ అక్షరంతో రాస్తారు: హార్డ్ డిస్క్ మూతకు సాధారణంగా టీ8, దాని అడుగు సర్క్యూట్ బోర్డుకు టీ5 గాని టీ6 గాని ఉంటుంది. (హార్డ్ డిస్క్ పై మూతను విప్పడం మటుకు శుభ్రమైన గది లేనివారు చేయవలసిన పని కాదు, టీ8 కొన చేతిలో ఉండడం అందుకు అర్హత కాదు.) 2021లో వచ్చిన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ అడుగు స్క్రూలకు టీ5ను ఎంచుకుని, దాన్ని విప్పే స్క్రూడ్రైవర్‌ను పెట్టెలోనే ఇచ్చింది. టార్క్స్ గుంట మధ్యలో చిన్న పొడుపు కనిపిస్తే అది సెక్యూరిటీ తరహా. దానికి మధ్యలో రంధ్రం ఉన్న కొన కావాలి. రంధ్రం ఉన్న కొన మామూలు టార్క్స్‌ను కూడా తిప్పగలదు గాని, మరీ చిన్న కొలతల్లో ఆ రంధ్రం వల్ల కొన బలహీనపడి విరుగుతుంది. టీ5, టీ6లలో రంధ్రం లేనివి కూడా ఉంచుకోవడం మేలు.

ఆపిల్ 2009లో మ్యాక్‌బుక్ ప్రో బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, తరవాత ఐఫోన్‌కు, మ్యాక్‌బుక్ ఎయిర్‌కు విస్తరించిన పెంటలోబ్ పూర్తిగా వేరు. మ్యాక్‌బుక్ ఎయిర్, రెటీనా మ్యాక్‌బుక్ ప్రోల అడుగు మూతకు పీ5 (1.2 మి.మీ.), ఐఫోన్ అడుగు అంచుకు పీ2 (0.8 మి.మీ.) సరిపోతాయి. 2016 నాటి ఐఫోన్ 7తో లోపల మూడు రేకుల కొన కూడా వచ్చి చేరింది. ఐదు రేకుల తలలో టీ5 దూర్చితే కొన్నిసార్లు తిరుగుతుంది, కొన్నిసార్లు తలను గుల్ల చేస్తుంది. జూదమాడడానికి తగినంత చౌక కాదు మ్యాక్‌బుక్. పనిముట్టు అందరికీ అందకుండా చేయడమే ఇలాంటి తలల ఉద్దేశమన్న విమర్శ రిపేరు హక్కు ఉద్యమంలో మొదటి నుంచీ ఉంది. ఫ్రాన్స్ 2021లో తెచ్చిన మరమ్మతు సూచీలో విప్పడానికి ఎటువంటి పనిముట్లు కావాలన్నది కూడా మార్కులు వేసే అంశమే. భారతదేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, అదే సంవత్సరం చివర ఒక పోర్టల్‌ను ప్రారంభించింది.

వర్క్‌స్టేషన్లు, సర్వర్ల దగ్గర కథ మారుతుంది. ఏఎండీ థ్రెడ్‌రిప్పర్ ప్రాసెసర్ల సాకెట్ ఫ్రేమును పట్టే మూడు టీ20 స్క్రూలకు 1, 2, 3 అని అంకెలు వేసి ఉంటాయి. ఆ వరుసలోనే బిగించాలి, విప్పేటప్పుడు 3, 2, 1. బిగింపు 1.5 న్యూటన్ మీటర్ల దగ్గర దానంతట అదే ఆగే టార్క్ (తిప్పే బలాన్ని కొలిచే) స్క్రూడ్రైవర్‌ను ప్రాసెసర్‌తో పాటే ఇచ్చారు, ఎందుకంటే వేల సంఖ్యలో ఉన్న సాకెట్ పిన్నుల మీద ఒత్తిడి సమంగా పడకపోతే కొన్ని మెమరీ చానళ్లు కనిపించకుండా పోతాయి. ల్యాప్‌టాప్ హీట్‌సింకు (ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు భాగం) మీద కూడా స్క్రూల పక్కన ఇలాంటి అంకెలుంటాయి. అక్కడ టార్క్ పనిముట్టు అక్కర్లేదు, అంకెల వరుసలో తలా కొంచెం బిగించుకుంటూ పోతే చాలు.

ఉక్కు, టెస్టర్, అయస్కాంతం

చవక సెట్ల బిట్లు కొత్తవిగా ఉన్నప్పుడు మెరుస్తాయి. ఆ మెరుపే అనుమానించవలసిన విషయం: కొన మీద మందంగా పడిన క్రోమ్ పూత రెక్కల అంచులను గుండ్రంగా చేసి కొలతను మారుస్తుంది. మంచి తయారీదారులు కడ్డీకి పూత వేసినా కొనను నల్లగానో బూడిద రంగులోనో వదిలేస్తారు. బిట్లకు ఎస్‌2 ఉక్కు, కడ్డీలకు క్రోమ్ వెనేడియం ఉక్కు వాడడం పరిపాటి. మంచి బిట్ గట్టిదనం రాక్‌వెల్ సీ కొలతలో 58 నుంచి 62 వరకు ఉంటుంది. అంతకంటే మెత్తనైతే రెక్కలు మెలితిరుగుతాయి, మరీ గట్టిదైతే విరుగుతాయి. పెట్టె మీద ఎస్‌2 అని అచ్చువేసినంత మాత్రాన లోపలిది ఎస్‌2 అవుతుందని నమ్మకం లేదు. ఒక నెల వాడాక పీహెచ్‌0 కొనను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే నిజం తెలుస్తుంది: రెక్కల అంచులు ఇంకా సూటిగా ఉన్నాయా, ఒకవైపు వంగి మెరుస్తున్నాయా అన్నది చాలు. అరిగిన కొన తరవాత ముట్టుకున్న ప్రతి స్క్రూనూ కొంచెం కొంచెం పాడు చేస్తుంది. అందుచేత కొనను అరిగిపోయే సరుకుగానే చూడాలి, జీవితకాలపు ఆస్తిగా కాదు.

మన ఇళ్లలో, దుకాణాల్లో మైనస్ స్క్రూడ్రైవర్ స్థానాన్ని చాలావరకు టెస్టర్ ఆక్రమించింది. లోపల నియాన్ దీపం, దానికి వరుసలో ఒక రెసిస్టర్ ఉన్న ఈ పనిముట్టు కరెంటు ఉందో లేదో చెప్పడానికి పుట్టింది. దాని సన్నటి కొన స్క్రూలు విప్పేందుకు చేసినది కాదు; గట్టిగా తిప్పితే మెలితిరుగుతుంది, పిడి పగిలితే లోపలి రెసిస్టర్ మీద ఇక భరోసా ఉండదు. దీనికి తోడు ఇన్సులేషన్ గురించిన అపోహ ఒకటి. 1000 వోల్టుల గుర్తు ఉన్న ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్లు ఇంకా సురక్షితమని కంప్యూటర్‌కు వాడతారు. కడ్డీ మీది మందపాటి ప్లాస్టిక్ తొడుగు వల్ల అవి లోతైన రంధ్రాల్లో దూరవు, మామూలు ప్లాస్టిక్ పిడి స్టాటిక్ కరెంటును పోగుచేసుకోగలదు కూడా. స్టాటిక్‌ను నెమ్మదిగా వదిలేసే ఈఎస్‌డీ పిడులు దీనికి సరిగ్గా వ్యతిరేకం: అవి ఇన్సులేషన్ కావు, కరెంటు ఉన్న చోట వాడకూడదు. బోర్డు పనికి ఈఎస్‌డీ పిడి, కరెంటు పనికి ఇన్సులేటెడ్ పిడి. ఒకటి రెండోదాని పని చేయదు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పడం అసలు వేరే వ్యవహారం. 230 వోల్టుల కరెంటును డీసీగా మార్చాక లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది. ప్లగ్ తీసేశాక కూడా అది కొంతసేపు అలాగే ఉండవచ్చు, దాన్ని స్క్రూడ్రైవర్ కొనతో షార్ట్ చేసి ఖాళీ చేయడం కొనను కరిగించే, కంటికి ప్రమాదం తెచ్చే పద్ధతి.

అయస్కాంతపు కొన హార్డ్ డిస్క్‌లోని సమాచారాన్ని చెరిపేస్తుందన్న భయం ఫ్లాపీల కాలం నాటిది. హార్డ్ డిస్క్ లోపలే అంతకంటే ఎన్నో రెట్లు బలమైన నియోడైమియం అయస్కాంతాలున్నాయి. ఎస్‌ఎస్‌డీకి అయస్కాంతంతో పనే లేదు. మదర్‌బోర్డు మీదికి జారిపడి ఎక్కడో ఇరుక్కుని షార్ట్ చేసే స్క్రూ కంటే అయస్కాంతపు కొన వెయ్యి రెట్లు మేలు. ల్యాప్‌టాప్ లోపల అసలు ప్రమాదం లోహపు కొన జారడమే. మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్‌ను ప్లాస్టిక్ పనిముట్టుతో ఊడదీయాలి, ఆ తరవాతే మిగతా స్క్రూలు. కరెంటు ఉన్న బోర్డు మీద డిస్‌ప్లే కనెక్టర్ దగ్గర కొన ఒక్కసారి తాకితే బ్యాక్‌లైట్ ఫ్యూజు పోతుంది. లిథియం బ్యాటరీ పొరలో కొన దిగితే మంట వస్తుంది.

పెన్ను తరహా ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్ల గురించి ఎక్కువ చెప్పుకోవలసింది లేదు. మొదటి పావు చుట్టు చేత్తో వదులు చేసి, మిగతా చుట్లు మోటారుతో తీయించి, చివరి బిగింపు మళ్లీ చేత్తో ముగిస్తే అవి సమయం ఆదా చేస్తాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట రోజంతా యంత్రాలు విప్పే మనిషి మణికట్టుకు అది ఊరట. ఇంట్లో ఏడాదికోసారి ఫ్యాన్ దుమ్ము దులుపుకునేవారికి ఆ డబ్బుతో మంచి పీహెచ్‌0, పీహెచ్‌00, పీహెచ్‌1 చేతి స్క్రూడ్రైవర్లు కొనుక్కోవడం లాభం. వాటికి ఒక పీహెచ్‌2, టీ5, టీ8 చేరితే చాలా ఇళ్లలోని కంప్యూటర్లన్నిటికీ సరిపోతుంది.

ఇంత జాగ్రత్తపడినా, ముందు విప్పినవారు తల పాడుచేసిన స్క్రూ ఎదురుకాక తప్పదు. రబ్బరు బ్యాండు ముక్కను మధ్యలో పెట్టి తిప్పమనే సలహా పెద్ద స్క్రూలకు పనిచేస్తుంది గాని, పీహెచ్‌0 గుంటలో ఆ రబ్బరు మందమే కొనను లోపలికి దిగనివ్వదు. ముందు జేఐఎస్ కొనతో ప్రయత్నించాలి. గుంట అడుగున మిగిలిన కొద్దిపాటి లోహాన్ని అది పట్టుకోగలదు. అదీ జారితే గుంటకంటే రవ్వంత పెద్దదైన టార్క్స్ బిట్‌ను నిటారుగా నిలిపి మెల్లగా తట్టి దింపి తిప్పవచ్చు, అయితే కింద హార్డ్ డిస్క్ ఉంటే ముందు దాన్ని తీసే దారి చూడాలి. లోహపు ఫ్రేములోకి దిగిన స్క్రూ అయితే టంకం పెట్టే ఐరన్ కొనను తల మీద కొద్ది క్షణాలు ఆనిస్తే నైలాన్ పూత మెత్తబడుతుంది. ప్లాస్టిక్‌లో నాటిన ఇత్తడి గొట్టం దగ్గర ఈ పని చేయకూడదు, వేడితో నాటిన గొట్టం వేడికే ఊడి వస్తుంది. తలను డ్రిల్‌తో కోసేయడం చివరి మెట్టు. అప్పటికి బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి ఉండాలి, స్క్రూ చుట్టూ టేపు అతికి ఉండాలి, రాలే ఇనుప రజను అక్కడికక్కడే పీల్చుకునేలా పక్కన వాక్యూమ్ గొట్టం పట్టుకునే మనిషి ఒకరు కావాలి.